ఏజెన్సీ నవల – ఏజెంటు లేని నవలాకారుడు: గోపీనాథ్ మహంతి ప్రచురణ సంబంధాల పరిశీలన

తెలుగు సాహిత్య వ్యవహారంలో 'ఏజెంటు' అన్న మాటకు, రచయిత తరఫున ప్రచురణకర్తతో మాట్లాడే వ్యక్తి అన్న అర్థం నేటికీ స్థిరపడలేదు. బస్టాండులో వారపత్రికల కట్టలు విప్పే పత్రికా ఏజెంటు ఉన్నాడు. బీమా ఏజెంటు ఉన్నాడు. ఈ ఇద్దరికంటె పాతవాడు మరొకడున్నాడు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ఆ ప్రాంతాలకు గవర్నరు ఏజెంటుగా నియమించింది. ఆ ఏజెంటు పేరు మీదుగానే తూర్పు కనుమల మన్యానికి 'ఏజెన్సీ' అన్న పేరు వచ్చింది. అరకు, పాడేరు, జయపురం, రాయగడ అన్నీ ఒకనాడు ఆ ఒక్క మాట కిందనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం సంస్థాన ప్రాంతం విశాఖపట్టణం జిల్లా నుంచి విడివడి కోరాపుట్ జిల్లాగా మారింది. సరిహద్దు మారినా కొండ మారలేదు. అటు పరజలు ఇటు పోర్జలుగాను, అటు కంధులు ఇటు కోదులు లేదా సామంతులుగాను కొనసాగారు.

ఈ కొండల గురించి వచ్చిన నవలల్లో అత్యధిక ప్రాచుర్యం పొందినవి తెలుగులో పుట్టలేదు. అవి ఒడియాలో గోపీనాథ్ మహంతి (1914–1991) రాసినవి. ఆయన సాహిత్య ఏజెంటు సహాయం లేకుండా అర్ధశతాబ్ది పాటు రాశారు. అయితే ఆయనే ప్రభుత్వపు ఏజెంటు. 1950ల తొలినాళ్ళలో రాయగడలో ఆయన నిర్వహించిన పదవి పేరు స్పెషల్ అసిస్టెంట్ ఏజెంటు. ఈ రెండర్థాల మధ్య ఉన్న వైరుధ్యం కేవలం మాటల చమత్కారం కాదు. రచయితకూ అతని ప్రచురణకూ నడుమ ఎవరు నిలిచారు, ఎవరు సవరించారు, ఎవరికి సవరించే అవకాశమే లేకపోయింది అన్న ప్రశ్నలకు ఆ వైరుధ్యం దారి చూపుతుంది. ఈ ప్రశ్నలను తెలుగు వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాస విషయం.

జీతం ఇచ్చిన స్వేచ్ఛ

మహంతి పాట్నా విశ్వవిద్యాలయంలో ఆంగ్లసాహిత్యంలో ఎం.ఏ. పూర్తిచేసి, 1938లో ఒరిస్సా పరిపాలనా సేవలో చేరారు. 1969లో పదవీ విరమణ చేశారు. తొలి నవల 'మన గహిరర చాష' 1940లో వచ్చింది. 1944లో 'దాది బుఢా', 1945లో 'పరజ', 1949లో 'అమృతర సంతాన', 1955లో 'దానాపాణి', 1964లో 'మాటి మటాళ' వెలువడ్డాయి. 1955లో సాహిత్య అకాడెమీ బహుమతి 'అమృతర సంతాన'కు లభించింది. 1973 జ్ఞానపీఠ పురస్కారాన్ని ఆయన కన్నడ కవి ద. రా. బేంద్రేతో పంచుకున్నారు. ముఖ్యరచనలు చాలావరకు ఉద్యోగకాలంలోనే పూర్తయ్యాయన్నది ఈ తేదీల వరుసలో గమనించవలసిన అంశం. నెల తిరిగేసరికి జీతం వచ్చే రచయిత పత్రికా సంపాదకుని వాకిట నిలబడవలసిన అవసరం లేదు.

ఇదే కాలంలో తెలుగు నవలాకారుని పరిస్థితితో దీనిని పోల్చి చూడాలి. 1950ల నుంచి 1980ల చివరి వరకు తెలుగు నవల ప్రధానంగా వారపత్రికల్లో సీరియల్‌గా పుట్టి, ఆ తరువాత పుస్తకమయింది. వారం వారం ఒక ప్రకరణం, ప్రకరణం చివర ఒక ఉత్కంఠ, సర్క్యులేషన్ తగ్గితే కుదింపు, పెరిగితే పొడిగింపు అనే నియమాలను విధించినవాడు సంపాదకుడే. పాశ్చాత్య ప్రచురణరంగంలో ఏజెంటు, ఎడిటరు, మార్కెటింగ్ విభాగం వేర్వేరుగా చేసే పనులను తెలుగులో ఒకే వారపత్రిక సంపాదకుడు చేశాడు. కొత్త రచయితను కనిపెట్టడం, నవల పేరు మార్చడం, ఏ వర్గపు పాఠకులు చదువుతారో అంచనా వేయడం, అన్నీ అతని బల్ల మీదే జరిగాయి. ఆ బల్ల మీద మంచి నవలలు తయారు కాలేదని అనలేము. విశాఖ జనజీవనాన్ని అత్యంత నిశితంగా చూసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి సైతం పత్రికలతోనే ఎదిగారు. అయితే ఆయన 'రత్తాలు–రాంబాబు' అసంపూర్ణంగా మిగిలిపోయిన సంగతి, సీరియల్ పద్ధతిలో నవల ఎంత అస్థిరమైన వస్తువో తెలియజేస్తుంది.

మహంతి ఈ వ్యవస్థకు వెలుపల నిలిచారు. ఫలితం ఆయన నవలల పరిమాణంలోను, నడకలోను కనిపిస్తుంది. 'అమృతర సంతాన' కంధుల గ్రామంలో ముసలి పెద్ద సరబు సావొంత మరణంతో మొదలవుతుంది. ఆ మరణం తరువాత కథ పరుగెత్తదు. పండుగలు వస్తాయి, వేట వస్తుంది, పోడు కాల్చే కాలం వస్తుంది, మంచు కురిసే నెలలు గడుస్తాయి. కొడుకు దివుడు, అతని భార్య పుయు, మరో ఊరి పిల్ల పియొటి, చెల్లెలు పుబులి, బాబాయి లెంజుల నడుమ జరిగే కథను ఏ వారపత్రిక సంపాదకుడైనా పదిహేను వారాల్లో ముగించమని కోరి ఉండేవాడు. ఋతువుల వర్ణనలను నిర్దాక్షిణ్యంగా కత్తిరించి ఉండేవాడు. ఆ కత్తిరింపు జరిగి ఉంటే పోయేది అలంకారం కాదు. కంధుల కాలగణన ఆ వర్ణనలలోనే ఉంది. ఊరి జీవితానికి కథకంటె ఋతువు పెద్దదన్న భావన నవల ప్రతిపాదించే ముఖ్యవిషయం. సంపాదకుడు లేకపోవడం ఇక్కడ నవలకు మేలు చేసింది.

అయితే ప్రతిచోటా మేలే చేసిందనుకోవడం పొరపాటు. మహంతి పెద్ద నవలల్లో పునరుక్తులున్నాయి. ఒకే భావావేశం వేర్వేరు పాత్రల నోట దాదాపు ఒకే స్థాయిలో పలికే చోట్లున్నాయి. అడవి గురించిన గీతాత్మక వాక్యం కొన్నిసార్లు ఆ అడవిలో నడిచే మనిషి అలసటను మరపిస్తుంది. చేయి తిరిగిన సంపాదకుడు ఒకడు పక్కన ఉంటే ఇవి తగ్గేవి. 'పరజ'లో ఈ లోపం అతి తక్కువగా ఉండడానికి కారణం సంపాదకుడు కాదు, అప్పు. అప్పు పెరిగే వేగమే ఆ నవలకు గమనవేగమయింది. జిలి మీద కన్నువేసి భంగపడిన అటవీ ఉద్యోగి పగ, జరిమానా, ఆ జరిమానా కట్టడానికి సుక్రు జాని సావుకారు దగ్గర చేసిన బాకీ, ఆ బాకీకి తానూ కొడుకూ వెట్టికి కుదరడం, పొలం చేజారడం, చివరికి సావుకారు హత్య, ఒక్కొక్కటి ముందుదానికి వడ్డీలాగ పుడుతుంది. నవలలో ఎక్కడా అనవసరమైన మలుపు లేదు.

అదే కొండ, మరొక ఎడిటరు

ఇదే కొండల మీద అదే దశాబ్దంలో పనిచేసిన మరొక రచయిత వెరియర్ ఎల్విన్. ఆయన 'బోండో హైలాండర్' 1950లోను, సవరల మతజీవితం గురించిన బృహద్గ్రంథం 1955లోను ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వెలువడ్డాయి. బొంబాయిలో ఆ సంస్థను నడిపిన ఆర్. ఇ. హాకిన్స్ ఎల్విన్‌కే కాక జిమ్ కార్బెట్, సలీం అలీల రచనలకూ అండగా నిలిచిన ఎడిటరు. ఎల్విన్ నవలలు కూడ రాశారు. 'ఫుల్మత్ ఆఫ్ ది హిల్స్' 1937లో లండన్‌లో జాన్ మర్రే సంస్థ ద్వారా వచ్చింది. అంటే 1930ల చివరినుంచే మధ్య భారత, తూర్పు కనుమల గిరిజన జీవితం ఆంగ్లపాఠకుల చేతికి ప్రసిద్ధ ప్రచురణ సంస్థల ద్వారా చేరే దారి ఉంది. మహంతి నవలలకు ఆ దారి చాలా ఆలస్యంగా తెరుచుకుంది. 1945 నాటి 'పరజ' బిక్రమ్ కె. దాస్ అనువాదంలో 1987లో ఫేబర్ సంస్థ ద్వారా లండన్ పాఠకులకు అందింది. నడుమ నాలుగు దశాబ్దాల పైబడిన విరామం. 'అమృతర సంతాన' పూర్తి ఆంగ్లానువాదం అకాడెమీ బహుమతి వచ్చిన ఆరు దశాబ్దాల తరువాత గాని రాలేదు. అప్పటికి రచయిత లేరు.

ఈ ఆలస్యానికి ఒడియా భాష మార్కెట్టు చిన్నది కావడం ఒక కారణం. మరొక కారణం విషయంలో ఉంది. ఎల్విన్ కొండప్రజలను అధ్యయన విషయంగా చూపించారు. మహంతి వారిని బాకీదారులుగా, కౌలుదారులుగా, కోర్టు గుమ్మాల ముందు నిలబడ్డ వాదులుగా కూడ చూపించారు. మొదటిది దూరదేశపు పాఠకునికి ఆసక్తికరం. రెండవది దగ్గరి పాఠకునికి ఇబ్బందికరం.

ఆ ఇబ్బందికి దాఖలా ఉంది. 1953లో కోరాపుట్ జిల్లా భూస్వాములు, వడ్డీవ్యాపారులు మహంతి మీద ప్రధానమంత్రి నెహ్రూకు ఫిర్యాదు పంపారు. ఆయన కొండజనం పక్షం వహిస్తున్నాడని, తమ మాట వినడం లేదని దాని సారాంశం. ఫిర్యాదు ఉద్యోగి మీదే గాని నవలాకారుని మీద కాదు. కాని 'పరజ' వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు. నవలలో సావుకారు ఎవరో ఆ ఫిర్యాదుదారులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒక రచయితకు ఇంత స్పష్టమైన ప్రతికూల పాఠకవర్గం దొరకడం అరుదు. ఏజెంటు పదవి ఆయనకు కథావస్తువునిచ్చింది, కథలోని ప్రతినాయకులను నిజజీవితంలో ఎదురుగా నిలిపింది, వారి నుంచి కొంత రక్షణ కూడ ఇచ్చింది. జీతం మీద ఆధారపడని స్థానిక రచయిత ఎవరైనా అదే సావుకారు గురించి అదే ఊళ్ళో ఉండి రాయగలిగేవాడా అన్నది ఆలోచించవలసిన విషయం.

సాలూరు దారి

మహంతి నవల లండన్‌కు చేరకముందే కొండ దిగి తెలుగులోకి వచ్చింది. దానిని తెచ్చినవారు పురిపండా అప్పలస్వామి (1904–1982). కోరాపుట్ ఘాటీ దిగగానే తగిలే సాలూరు ఆయన జన్మస్థలం, కార్యక్షేత్రం విశాఖపట్నం. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమపు వారసుల్లో ఆయన ఒకరు. భారత భాగవతాలను వ్యావహారిక వచనంలోకి తెచ్చినవారు, ఒడియా సాహిత్యాన్ని తెలుగుకు పరిచయం చేసినవారిలో అగ్రగణ్యులు. 'అమృతర సంతాన'కు ఆయన చేసిన అనువాదం 'అమృత సంతానం' పేరుతో సాహిత్య అకాడెమీ ద్వారా వెలువడింది.

ఇక్కడ అకాడెమీ పాత్ర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1954లో ఏర్పడిన ఈ సంస్థ బహుమతి పొందిన గ్రంథాలను ఇతర భారతీయ భాషల్లోకి అనువదింపజేసే బాధ్యత స్వీకరించింది. రచయితకు బదులుగా పర భాషల్లో ప్రచురణకర్తను వెతికి, అనువాదకుని ఎంపికచేసి, ముద్రించి, పంపిణీ చేసే పని అంతా ఒక్క సంస్థే చేసింది. సాహిత్య ఏజెంటు చేసే పనుల్లో డబ్బు బేరం తప్ప తక్కినవన్నీ ఇందులో ఉన్నాయి. ప్రభుత్వపు ఏజెంటు రాసిన నవలకు ప్రభుత్వసంస్థే సాహిత్య ఏజెంటయిందని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో కొంత నిజముంది. అయితే ఈ సంస్థాగత మార్గం లేకుండా, కేవలం తెలుగు విపణి మీద ఆధారపడి ఉంటే ఆ నవల తెలుగులోకి వచ్చేదా?

తెలుగు విపణి కొండజనాన్ని ఎలా కోరుకుందో చూస్తే సమాధానం దొరుకుతుంది. 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి సంచలనం సృష్టించిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'లో కాష్మోరా అనే క్షుద్రప్రయోగం కథకు ఇరుసు. అందులో అడవి పల్లె మంత్రగాళ్ళ నెలవు. నగరంలోని పసిపిల్లకు ప్రాణభయం అక్కడినుంచే వస్తుంది. ఆ పత్రిక సంపాదకుడు సికరాజుకు, రచయితకు మధ్య కుదిరిన పొత్తు తెలుగు వారపత్రికల చరిత్రలో విజయవంతమైన పొత్తుల్లో ఒకటి. దాని వ్యాపార చాతుర్యాన్ని తక్కువచేసి చూడనక్కరలేదు. కాని పాఠకుడిని వారం వారం భయపెట్టవలసిన నవలకు అడవి ఒక భయస్థానంగా మాత్రమే ఉపయోగపడుతుంది. మహంతి నవలలో కూడ బెజుణి ఉంది, పూనకం ఉంది, బలి ఉంది. అయితే అక్కడ బెజుణి ఊరి పనుల్లో ఒక పని చేసే మనిషి. విత్తనం వేసేవారూ ఇల్లు కప్పేవారూ ఎంతటివారో ఆమె అంతటిది. రెండు రచనలూ గిరిజన విశ్వాసాన్ని వాడుకున్నాయని ఒకే గాటన కట్టడం కుదరదు. ప్రచురణ పద్ధతిలోని తేడా వస్తువును చూసే కంటిలోని తేడాగా మారిన సందర్భమిది.

పురిపండా వంటి అనువాదకుడు ఎదుర్కొనే సమస్య మరొకటి ఉంది. మామూలు ఒడియా నవలను తెలుగు చేసేవాడు రెండు భాషల మధ్య ఉంటాడు. మహంతి నవలను తెలుగు చేసేవాడు మూడు నాలుగు భాషల మధ్య ఉంటాడు. కంధుల కువి, కొండల్లో ఉమ్మడి వ్యవహారభాష అయిన దేశియా, మైదానపు ఒడియా మూలంలోనే కలిసి ఉన్నాయి. కువి ద్రావిడభాష, ఒడియా కంటె తెలుగుకే దగ్గరి చుట్టం. మూలంలో ఒడియా పాఠకునికి పరాయిగా వినిపించే మాట తెలుగు పాఠకుని చెవికి సగం తెలిసినదిగా తోచవచ్చు. 'సావొంత' అన్న బిరుదు వినగానే విశాఖ మన్యంలో కోదులకు వాడే 'సామంత' అన్న పేరు గుర్తుకు రాకమానదు. 'పరజ'లోని 'గోతి' ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అప్పు తీర్చలేక మనిషే వెట్టికి కుదురుకునే పద్ధతికి విశాఖ ఏజెన్సీలో 'గొత్తి' అన్న పేరుంది. లండన్ పాఠకునికి ఈ మాటకు వివరణ రాయాలి. పాడేరు పాఠకునికి రాయనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపుల మీద చట్టం చేసి, వడ్డీకి నూటికి 24 రూపాయల పరిమితి విధించి, గిరిజనుని భూమి గిరిజనేతరుని చేతికి పోకుండా అడ్డుకట్ట కట్టిందన్న సంగతి ఎరిగిన పాఠకుడు 'పరజ'ను మరింత కలతతో చదువుతాడు. చట్టం పుట్టిన 28 ఏళ్ళకు వచ్చిన నవల అది. సుక్రు జాని దగ్గరకు ఆ చట్టం చేరలేదు.

సవరించే హక్కు

సంపాదకుడంటే తప్పును చూపి సవరించమనే హక్కు గలవాడు. ఆ అర్థంలో మహంతి నవలలకు న్యాయంగా సంపాదకులు కావలసినవారు పరజలు, కంధులు. 1940లలో వారిలో ఒడియా లిపి చదవగలవారు అతి స్వల్పం. రచయిత వారి మధ్య తిరిగారు, వారి భాషల గురించి రాశారు, వారి పాటలను శ్రద్ధగా విన్నారు. అయినా రాతప్రతిని చూసి 'మా ఊళ్ళో ఇలా జరగదు' అనగలవాడు ఆయనకు ఎదురుకాలేదు. గిడుగు రామమూర్తికి ఈ విషయంలో కొంత అదృష్టముంది. సవర నేర్పినవారే ఆయన సవర పుస్తకాలను విని సరిచూడగలిగిన స్థితి పర్లాకిమిడిలో ఏర్పడింది, ఎందుకంటే ఆయన సవరలకు బడిపుస్తకాలు కూడ రాశారు. నిఘంటువుకు ఉన్న ఈ సౌలభ్యం నవలకు లేకపోయింది.

ఈ లోటు రచనలో ఎక్కడ కనిపిస్తుందో కూడ చెప్పుకోవాలి. 'దాది బుఢా'లో పరజ యువకుడు ఠెంగా జాని, డొంబు క్రైస్తవ యువతి సంతోష్ కుమారితో కలిసి ఊరు విడిచి అస్సాం తేయాకు తోటల వైపు వెళ్ళిపోతాడు. నవల దృష్టి అంతా విరిగిన ఊరు మీద, ముసలి తల్లిదండ్రుల శోకం మీద, ఈతచెట్టులో కొలువైన పూర్వజుని మౌనం మీద నిలుస్తుంది. వెళ్ళిపోయినవారి వైపు నుంచి ఆ ప్రయాణం ఎలా ఉండి ఉంటుందో, ముఖ్యంగా డొంబు యువతికి ఆ ఊరి కట్టుబాటు ఏమిటో, నవల క్లుప్తంగా దాటుతుంది. విశాఖ మన్యంలో నేడు వాల్మీకులుగా వ్యవహరింపబడే ఆ సమూహపు పాఠకుడు ఈ నవలను ఊరి పతనగాథగా చదవకపోవచ్చు. అటువంటి పాఠకుని ప్రశ్న రాతప్రతి దశలో వినిపించి ఉంటే నవల చెడిపోయేదని ఎవరూ అనలేరు.

తెలుగు వైపు ఈ పరిస్థితి ఇటీవల మారుతున్నది. జాతాపు సమూహం నుంచి వచ్చిన మల్లిపురం జగదీశ్ 'శిలకోల' వంటి కథాసంపుటాలతో, కొండజీవితాన్ని లోపలినుంచి రాసేవారు వచ్చారు. వీరికీ సాహిత్య ఏజెంట్లు లేరు. వారపత్రికల సీరియల్ యుగం కూడ ముగిసింది. చిన్న పత్రికలు, మిత్రబృందాల ప్రచురణలు, స్వీయప్రచురణ, ఇవే వారి దారులు. మహంతికి జీతం ఇచ్చిన తీరుబడి వీరిలో చాలామందికి బడిపంతులు ఉద్యోగం ఇస్తున్నది గాని, ఏడెనిమిదివందల పుటల నవలకు కావలసిన ముద్రణ భరోసా ఎవరూ ఇవ్వడం లేదు. కథ వచ్చినంత విరివిగా మన్యం నుంచి నవల రాకపోవడాన్ని ప్రతిభకు సంబంధించిన విషయంగా చూసే విమర్శకులు ఈ లెక్కను కూడ గమనించాలి.

మళ్ళీ 'అమృతర సంతాన' దగ్గరకు వస్తే, ఆ నవల ముగింపు సంపాదక వ్యవస్థకు పరీక్ష వంటిది. భర్త మనసు పియొటి వైపు మళ్ళిన తరువాత పుయు పసిబిడ్డను తీసుకొని ఇల్లు విడుస్తుంది. ఆమె ఎక్కడికి చేరుతుందో నవల స్థిరపరచదు. భర్త పశ్చాత్తాపం లేదు, ఊరి పంచాయతీ లేదు, పుట్టింటి గుమ్మం లేదు. వారపత్రికకయితే మరొక ప్రకరణం కావలసివచ్చేది. పాఠకుల ఉత్తరాలు ఆమెను తిరిగి ఇంటికి చేర్చేవి, లేదా లోయలోకి తోసేవి. మహంతి ఆమెను కొండదారి మీదనే, బిడ్డ బరువుతో, ఇంకా నడుస్తుండగానే వదిలారు.